ఏడుగురు వద్దన్నంత కాలం

వకీలు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది.
ద్రెబ్నిక్ సోదర సహాయ సంఘం, పేటర్సన్, న్యూజెర్సీ.
మిగిలిన సభ్యులు: ఒకరు.
రద్దు పత్రం మీద సంతకం చేసి పంపగలరు.

ఆ ఒకరు నేను.
ఎనభై ఒకటో ఏట, వంటింటి బల్ల మీద
మినిట్స్ పుస్తకం తెరిచాను.
అట్ట చేతిలోకొచ్చేసింది. లోపల
యిడ్డిష్ అక్షరాలు కుడి నుంచి ఎడమకి,
మగ్గం మీద పోగుల్లా ఒరుసుకుంటూ.

పంతొమ్మిది వందల ఆరు.
మంగలి దుకాణం వెనక గది.
అద్దకపు మిల్లులో మోచేతుల దాకా నీలమైపోయిన
పదకొండు మంది. ఒకటే తీర్మానం:
"గెట్సెల్ తమ్ముణ్ణి పేరు లేని గోతిలో పూడ్చారు.
ఇకమీదట మనలో ఎవరూ అలా పోకూడదు."
వారానికి పది సెంట్లు.
మంచం పడితే వారానికి అయిదు డాలర్లు.
పోతే ఆరడుగుల నేల,
ప్రార్థనకి పదిమంది మగవాళ్ళు.
రానివాడికి యాభై సెంట్లు జరిమానా.

బతికుండగా ఆ పదిమందీ
ఒక్కమాట మీద నిలిచిందెప్పుడు!
సగం పుస్తకం కొట్లాటలే.
జబ్బు డబ్బు పుచ్చుకున్న అన్షెల్
పేకాటలో దొరికిపోయాడు. రోగమేమిటని అడిగితే
మనోవ్యాధి అన్నాడు. రెండు డాలర్లు కోత.
సమ్మె ఏడాది, మిల్లు మేస్త్రీ సెండర్‌ని
ఉంచాలా గెంటాలా అని
తెల్లవారేదాకా అరుచుకున్నారు.
సోదరుడన్న మాట లేని వాక్యం లేదు:
"సోదరుడు కల్మాన్
సోదరుడు యూడెల్ మీదికి కుర్చీ విసిరెను."

తరవాత పద్దెనిమిదో సంవత్సరం, అక్టోబరు.
దగ్గు, జ్వరం, మూసేసిన బళ్ళు.
కొట్లాటల్లేవు. పేర్లే.
ఒక్కో పేరుకెదురుగా వచ్చినవాళ్ళ లెక్క:
పది, పది, తొమ్మిది, పది.
ఆ తొమ్మిది దగ్గర సిరా అలుక్కుపోయింది.
జరిమానా గడి ఖాళీ.

ద్రెబ్నిక్ నుంచి జాబులు వచ్చేవి.
స్నానశాల కప్పు కారుతోంది, పంపండి.
బడిలో పొయ్యి లేదు, పంపండి.
విసుక్కుంటూనే పంపారు.
నలభై ఒకటి, జులై: "ఉత్తరం రాలేదు."
ఆగస్టు: "ఉత్తరం రాలేదు."
యాభై రెండు నెలలు కార్యదర్శి అదే రాశాడు.
ఒక్కసారైనా
"పైన చెప్పినట్టే" అని రాయలేదు.

మా నాన్న కాలానికి పుస్తకం భాష మారింది.
చేతుల నీలం వదిలింది.
పిల్లలు పళ్ళ డాక్టర్లయి
ఫ్లోరిడాలో ఎండ కొనుక్కున్నారు.
నన్ను డెబ్బై నాలుగులో చేర్చుకున్నారు,
ఆదర్శం కోసమేం కాదు,
లెక్కలు చూసేవాడు గుండాగి పోయాడు.
పదిహేడు గోతులు ఇంకా మిగిలాయి.
అడిగేవాళ్ళు లేరు.

మా నాయనమ్మ హిండె
ముప్ఫయ్యేళ్ళు ఆ తలుపు ఇవతలే టీ కాచింది.
సంఘం జెండా మీద బంగారు కుట్టు ఆమెదే.
లోపల ఎవరు గెలుస్తున్నారో
గ్లాసులు బల్ల మీద పెట్టే చప్పుడుతో చెప్పేసేది.

నియమావళిలో ఆఖరి నిబంధన:
"ఏడుగురు వద్దన్నంత కాలం
సంఘాన్ని రద్దు చేయరాదు."

అటక మీంచి ఓట్ల పెట్టె దింపాను.
తెల్ల గోళీ అయితే సరే, నల్లదయితే వద్దు.
నల్లవి ఏరుకున్నాను.
ఒకటి గెట్సెల్ తరఫున, తమ్ముడి కోసం.
కల్మాన్‌ది ఒకటి, యూడెల్‌ది ఒకటి,
ఇద్దరూ మొదటిసారి ఒకే పక్క.
అన్షెల్‌ది, మనోవ్యాధితోనే.
సెండర్‌ది. ఉంచారో గెంటారో పుస్తకం చెప్పదు,
నేను ఉంచాను.
ఆరోది నాది.
ఏడోది మా నాయనమ్మది.

ఆమె సభ్యురాలు కాదు.
చెల్లదని ఎవరైనా లేచి అనాలి.
గోళీ వేళ్ళ మధ్య పట్టుకుని
కాసేపు ఆగాను.
ఏ కుర్చీ కదల్లేదు.